ఎనభై తులాల పరిచయం

జరిగింది నిన్న సాయంత్రమే. నా మెడ ఇంకా ఎడమవైపే ఉంది.

మా వార్డులో కార్పొరేటర్ పదవికి ఇండిపెండెంటుగా నిలబడ్డ రిటైర్డు హెడ్మాస్టరు గారు మా అపార్ట్‌మెంటుకి వస్తున్నారనీ, "మీరు రాస్తుంటారుగా, నాలుగు ముక్కల్లో పరిచయం చేసేయండి" అనీ సెక్రటరీ గారు సరిగ్గా గంట ముందు చెప్పారు. ఆయన పేరు కొట్టాను, అఫిడవిట్ వచ్చింది, ఫోన్లోకి దించుకుని కిందికి దిగాను.

మైకు అందగానే జ్ఞానం పొంగింది. పార్లమెంటుకీ, అసెంబ్లీకీ నిలబడేవాళ్లు తమ కేసులూ, ఆస్తులూ, చదువూ ఓటరు ముందు పెట్టాల్సిందేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పిందనీ, ఆ పద్ధతే దిగుతూ దిగుతూ మన వార్డు దాకా వచ్చిందనీ విన్నవించాను. "కాబట్టి పొగడ్తలొద్దు, అఫిడవిట్టే చదువుతాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. అక్కడితో కూర్చుని ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

దాన్ని స్కాన్ చేసిన మహానుభావుడెవరో కాగితాన్ని అడ్డంగా పడుకోబెట్టాడు. ఫోన్ తిప్పాను. అక్షరాలూ దానితోపాటే తిరిగి మళ్లీ పడుకున్నాయి. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. చివరికి ఫోన్ని దాని మానాన వదిలేసి నా తలే పక్కకి వాల్చాను. ముందు వరసలో ఓ పిల్లాడు నన్ను చూసి వాడూ వాల్చాడు. వాణ్ణి చూసి వాళ్ల తాతగారు. కాసేపటికి సగం సభ ఒకవైపుకి ఒరిగింది.

"విద్యార్హత: ఎనిమిదో తరగతి."

హెడ్మాస్టరుకి ఎనిమిదో తరగతేమిటని ఎవరికైనా తట్టాలి. మైకు చేతిలో ఉన్నవాడికి తట్టదు. "చదువుదేముందండీ, సంస్కారం ముఖ్యం" అని సర్దేశాను. "పెండింగ్ కేసులు: మూడు." ప్రజల కోసం పోరాడేవాళ్లకి కేసులే పతకాలన్నాను. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, బోర్డు మీద తప్పు లెక్క చేస్తున్న కుర్రాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. మధ్యలో ఆపడం మర్యాద కాదనుకున్నారో ఏమో, ఆపలేదు.

"భార్య పేరిట బంగారం: 800 గ్రాములు." ఎవరికైనా అర్థం కాలేదేమోనని, "అంటే ఎనభై తులాలు" అని విడమరిచాను కూడా.

ఆ భార్య ముందు వరసలో ఉన్నారు. చేతులకి గాజు గాజులు, మెడలో నల్లపూసలు. ఆవిడ మొదట తన చేతులు చూసుకున్నారు. తర్వాత మెడ తడుముకున్నారు. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, భర్త వైపు తిరిగారు.

"ఏమండీ, ఎక్కడ పెట్టారు?"

మైకు ఆన్‌లోనే ఉంది.

ఒకే వార్డు, ఒకే పేరు, ఇద్దరు అభ్యర్థులు. నేను చదివింది రెండో ఆయనది. తండ్రి పేరు చూస్తే తెలిసేదే, అది అంచు దగ్గర సగం తెగిపోయింది. అసలు ఈయన్ని నిలబడమని బతిమాలినవాళ్లకి ఈయన సేవ కన్నా ఈయన పేరు మీదే మక్కువేమో! ఆ పేరున్నవాడు ఇంకొకడుంటే అవతలివాడి ఓట్లు చీలతాయి కదా. పాపం, ఆయనకి ఇది తోచినట్టు లేదు.

ఆయన మాత్రం రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణాలకి రాసిన 18 పనుల జాబితా చేత్తో రాసుకొచ్చారు. వీధి దీపాలు, చెత్త, మంచినీళ్లు, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్లు కూడా. వాటిలో తనవల్ల అయ్యే నాలుగింటి కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నారు. వానలకి ముందే కాలవల్లో పూడిక తీయిస్తానన్నది మొదటిది. ఒక్కరూ అడగలేదు. మూడో అంతస్తు ఆవిడ లాకరు ఏ బ్యాంకులో అని అడిగారు.

ఇవాళ పొద్దున సెక్రటరీ గారు ఫోన్ చేశారు. ఆదివారం ఆ రెండో ఆయన వస్తున్నాడట.

"పరిచయం మీ దగ్గర రెడీగానే ఉందిగా" అన్నారు.