ఫిల్టర్ కాదు, నీళ్లే కావాలన్న జిల్లా నుంచి

నేను నాలుగేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక సేవాసంస్థల సమాఖ్య, తన 2025 వార్షిక నివేదికను తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించింది. ప్రపంచమంతటా ఆరోగ్యంలో సమన్యాయం ఉండాలని ఆ ఏడాది పొడవునా అది చేసిన కృషి అందులో ఉంది. ఎన్ని సదస్సుల్లో మాట్లాడిందీ, ఎందరు మంత్రులకు వినతిపత్రాలు ఇచ్చిందీ, నిధులకు కోత పెట్టవద్దని ఏ దేశాలను వేడుకుందీ అన్నీ వివరంగా రాశారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కానీ రెండు వారాలు ఆ పేజీలతోనే గడిపాక, నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషిగా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మన సమాఖ్య అడుగుతున్నదంతా సాయం ఆగకూడదనే. సాయం అవసరమే రాని ఏర్పాటు కావాలని గట్టిగా అడగడం ఆ నివేదికలో నాకు చాలా తక్కువగా కనిపించింది.

ఆ ఏడాది ఏం జరిగిందో చూడండి. జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపివేస్తూ ఒక ఉత్తర్వుపై సంతకం పెట్టారు. జూలై 1 నాటికి ఆ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ అన్న సంస్థే మూతపడింది. పేద దేశాల పిల్లలకు టీకాలు అందించే గావి 1,190 కోట్ల డాలర్లు కావాలంటే జూన్‌లో 900 కోట్ల చిల్లర హామీలు వచ్చాయి. ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరాడే గ్లోబల్ ఫండ్ 1,800 కోట్లు కోరితే నవంబరులో దక్కిన హామీ 1,134 కోట్లు. ఏళ్ల తరబడి ఒకే చోట మందులు తెచ్చుకుంటున్న రోగి ఒక ఉదయం వెళ్లేసరికి తలుపులకు తాళం కనిపించడం ఎంత ఘోరమో నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నాను, లక్షల ప్రాణాలు ఒక్క సంతకం మీద ఆధారపడేలా ఎందుకు వదిలేశాం?

మా పెద్దమ్మది మర్రిగూడ మండలం. ఎవరైనా పిలిస్తే ఆమె మెడ తిప్పి చూడలేదు, మనిషి మొత్తం తిరగాలి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఇరవై ముప్పై ఏళ్లు ఎముకల్లో పేరుకుంటే వెన్నుపూసలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పట్టీలు గట్టిపడి, వెన్ను ఒకే కర్రలా బిగుసుకుపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మా రాతి నేలకు పట్టలేదు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించి తీసేసే పద్ధతికి శాస్త్రవేత్తలు మా జిల్లా పేరే పెట్టారు. ఆ ‘నల్లగొండ పద్ధతి’ ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. మా ఇళ్లలో మాత్రం రోజూ నీళ్లను బట్టి మోతాదు చూసి, కలిపి, తేరనిచ్చి, అడుగు మడ్డి పారబోసే తీరిక కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఎక్కడిది?

తర్వాత ఒక దాతృత్వ సంస్థ పెద్దమ్మ వాళ్ల ఊరికి వాటర్ ప్లాంటు ఇచ్చింది. మూడేళ్లు చక్కగా నడిచింది. ఆ తర్వాత నీళ్లను వడగట్టే మెంబ్రేన్ పాడైంది, మార్చడానికి డబ్బులు ఎవరివన్న ప్రశ్న తేలలేదు, కరెంటు బిల్లు పేరుకుంది. నేను వెళ్లినప్పుడు షట్టరుకు తుప్పు పట్టిన తాళం ఉంది. గోడ మీది నల్లరాతి ఫలకంపై దాతల పేర్లు మాత్రం ఒక్క అక్షరం చెరగకుండా ఉన్నాయి. దాని పక్క నుంచే పెద్దమ్మ మళ్లీ బోరు నీళ్ల బిందెతో నడిచి వెళ్లేది. ఇచ్చినవారి మనసు మంచిదే, అయినా ఇచ్చేవారు పక్కకు తప్పుకున్న రోజు ఊరి దగ్గర అడిగే హక్కు ఏదీ మిగల్లేదు.

ఈ జిల్లా ఆ హక్కును ఎలా అడిగిందో మన సమాఖ్యలోని చాలామందికి తెలియదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్ల మీద నామినేషన్లు వేయగా, నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉండగా మా గొంతులు ఎండిపోవడం ఏమిటన్నది వారి ప్రశ్న. వారు ఫిల్టర్లు అడగలేదు, కృష్ణా నీళ్లు అడిగారు. చాలా ఆలస్యంగానే అయినా ఇంటి ముందు నల్లాలో నది నీళ్లు వచ్చిన రోజు పెద్దమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: “నీళ్లయితే మంచిగొచ్చినయ్ బిడ్డా, నా నడుమే మల్ల రాలే.”

మందుల సంగతీ ఇలాంటిదే. ఎయిడ్స్ సోకకుండా ఆరు నెలలకు ఒకసారి వేసుకునే లెనకాపవిర్ సూదిమందుకు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు, అంటే దాదాపు పాతిక లక్షల రూపాయలు. అదే మందును 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు, మన లెక్కలో మూడున్నర వేలకు, పేటెంటున్న అమెరికా కంపెనీ గిలియడ్ ఇచ్చిన లైసెన్సు ప్రకారం 120 దేశాలకు ఇస్తామని సెప్టెంబరులో రెండు హైదరాబాదు కంపెనీలు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, ముందుకొచ్చాయి. అందులో హెటిరోకు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో యూనిట్ ఉంది. షిఫ్టు బస్సుల్లో ఆ సెజ్‌కు వెళ్లివచ్చే పాలమూరు పిల్లల్లో ఎందరికి ఈ ధరల కథ తెలుసు? ఆ మందు మీద పరీక్షలు జరిగిన బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ దేశాలు ఆ 120 జాబితాలో లేవు. సూదికి చేయి చాచినవారి దేశాలకే చవక ధర లేదు. నా దృష్టిలో ఆ ఏడాది అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే, మన నివేదికలో మాత్రం దీనికి దక్కింది ఒక్క వాక్యం.

చట్టం చేతిలో ఉంటే ఏం సాధించవచ్చో మన దేశమే చూపించింది. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే ఇవ్వనక్కర్లేదని మన పేటెంటు చట్టంలోని 3(డి) సెక్షన్ చెబుతుంది. 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ అనే రక్త క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మొండి క్షయకు వాడే బెడాక్విలిన్ మీద గుత్తాధిపత్యాన్ని మరో నాలుగేళ్లు పొడిగించుకునే ప్రయత్నాన్ని 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. అభ్యంతరం వేసినవారు క్షయ నుంచి బతికి బయటపడి, పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్న ఇద్దరు స్త్రీలు, ముంబైకి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసీలే. పుణె పనుల నుంచి దగ్గుతో ఇంటికి చేరే పాలమూరు కూలీకి ఆ ఇద్దరూ చేసిన మేలు ఎన్ని విరాళాల సదస్సులు పెట్టినా జరిగేది కాదు.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందాన్ని నివేదిక విజయంగా చెప్పుకుంది, ఒప్పుకుంటాను. మహమ్మారి వచ్చినప్పుడు టీకాల, మందుల ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్న లక్ష్యం అందులో ఉంది, కానీ ఉచితంగా ఇవ్వాల్సింది అందులో సగమే. తయారుచేసే విద్యను పంచుకోవడం మాత్రం పరస్పర అంగీకారానికే వదిలేశారు. అంటే మళ్లీ వాటర్ ప్లాంటే ఇస్తున్నారు, నల్లా కనెక్షన్ ఇవ్వడం లేదు.

అనువాదం నిన్న పంపించాను. దానితో పాటు ఒక ఉత్తరం కూడా పెట్టాను. వచ్చే ఏడాది ప్రణాళికలో నిధుల వినతులకు కేటాయించిన కాలంలో సగాన్ని పేటెంటు అభ్యంతరాలకూ లైసెన్సు షరతులకూ మళ్లించాలనీ, మొదటి సమావేశం జెనీవాలో కాకుండా జడ్చర్లలో పెట్టాలనీ కోరాను. ఆ సమావేశానికి పోలేపల్లి కార్మికులనూ, మర్రిగూడ ఫ్లోరైడ్ బాధితులనూ పిలుచుకొచ్చే బాధ్యత నాది.