రౌటరుకు ఏ మూల?

తెలుగువారి ఇంట్లో దిక్కులేని వస్తువంటూ ఉండదు. వంటగది ఆగ్నేయం. నీళ్లు ఈశాన్యం. బీరువా నైరుతిలో ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడాలి. పడుకుంటే తల ఎటు ఉండాలో, పొయ్యి వెలిగించేటప్పుడు ఎటు తిరగాలో చెప్పేవారున్నారు. అరంగుళం తేడా వస్తే కట్టిన గోడను పగలగొట్టించే సిద్ధాంతులున్నారు. ఇంతటి శాస్త్రం నడిచే ఇంట్లో, తెల్లారింది మొదలు ఇంటిల్లిపాదీ ఆధారపడే రౌటరు మాత్రం చెప్పుల స్టాండు పైన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

అక్కడే ఎందుకంటే, వైరు అక్కడికే వచ్చింది కనుక. ఇంటర్నెట్ కంపెనీ కుర్రవాడు డాబా మీద నుంచి ఫైబర్ వైరు దించి, గుమ్మం పైనున్న రంధ్రంలోంచి లోపలికి తోసి, మన స్టూలే ఎక్కి రెండు మేకులు కొడతాడు. 'లోపలి గదిలో పెట్టకూడదా బాబూ' అని అడిగితే 'అంత వైరు ఇవ్వరు సార్' అంటాడు. మేమే కొనిస్తామంటే, 'గోడకు రంధ్రం వేయాలి సార్, ఓనరుగారిని అడిగారా' అంటాడు. ఓనరుగారి ప్రస్తావన వచ్చాక అద్దెకున్నవారు ఇంకేమీ అడగరు.

ఆ తర్వాత జరిగేది వేగ పరీక్ష. కుర్రవాడు రౌటరుకు జానెడు దూరంలో ఫోను పట్టుకుని నిలబడతాడు. వంటగదిలో ఉన్నవారిని కూడా పిలుస్తారు. పెద్దాయన కళ్లజోడు తెప్పించుకుంటారు. ముల్లు కదులుతుంది. ఇరవై. యాభై. ఎనభై. ఎవరూ మాట్లాడరు. తొంభై ఆరు! పెద్దాయన తృప్తిగా తల ఆడిస్తారు, తన హయాంలోనే ఇది సాధ్యమైందన్నట్టు. కుర్రవాడు ఆ ముల్లుకు ఫొటో తీసుకుని, ఓటీపీ చెప్పించుకుని, 'ఐదు నక్షత్రాలు ఇవ్వండి సార్, నాలుగిస్తే మాకు కోత పడుతుంది' అని చెప్పి లిఫ్టు ఎక్కుతాడు.

లిఫ్టు కిందికి దిగేలోపే సంగతి బయటపడుతుంది. నైరుతి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న కోడలు నోరు సగం తెరిచి అలాగే ఉండిపోతుంది, కనీసం ఆమె మేనేజరుకు అలా కనిపిస్తుంది. మధ్యగదిలో పెద్దాయన వింటున్న గజేంద్ర మోక్షం ప్రవచనం సరిగ్గా మొసలి కాలు పట్టుకున్న చోట ఆగుతుంది. తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది. అది విష్ణుచక్రం కాదు, ఎంతసేపు తిరిగినా మొసలికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. సాయంత్రానికల్లా సంసారం మొత్తం గుమ్మం దగ్గరకు చేరుతుంది. ప్లాస్టిక్ కుర్చీలో కోడలు, స్టూలు మీద ల్యాప్‌టాప్, పక్కన చాప మీద పెద్దాయన, ఆయన మొసలి. ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు విడుస్తూ ముందు కోడలి మేనేజరుకు దర్శనమిచ్చి, ఆ తర్వాతే లోపలికి రావాలి.

ఇక మన వాస్తు చేసే సాయం చూడండి. తూర్పు గుమ్మం ఇల్లు, గుమ్మం ఈశాన్యం వైపు, కనుక రౌటరూ అక్కడే. ఇంటిపెద్ద పడకగది నైరుతి. అంటే ఇంట్లో ఒకదానికొకటి అత్యంత దూరంగా ఉండే రెండు మూలలు. మధ్యలో ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు, ఫ్రిజ్, దాటుకుని వెళితే అద్దం తొడిగిన ఇనుప బీరువా. రౌటరు పంపే సిగ్నళ్లు సాధారణంగా రెండు రకాలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌కు కాస్త ఓపిక ఉంది కానీ, 2005లో ప్రభుత్వం దాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది కదా, అపార్ట్‌మెంట్‌లోని రౌటర్లన్నీ అక్కడే తిష్ఠ వేశాయి. అందులో ఒకదానినొకటి తొక్కుకోకుండా నడవగలిగే ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కింటివారు మైక్రోవేవ్ ఓవెన్‌లో పాలు వేడిచేస్తే అదీ ఈ గాలిలోనే.

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ముందు ఆపి మళ్లీ వేయమంటారు. వేశాక, 'మీ గోడలు మందం సార్' అంటారు. ఇంకో డబ్బా పెట్టించుకోవాలట. దానికి నెలనెలా అద్దె, పైన 18 శాతం జీఎస్టీ.

గోడలు మందమని ఇప్పుడు తెలిసిందా? అమ్మేటప్పుడు మీకు గుడారంలో ఉంటున్నామని చెప్పామా? రౌటరుకు జానెడు దూరంలో నిలబడి ముల్లుకు ఫొటో తీసి ఫైల్లో పెట్టుకోవడం పరీక్ష కాదు, మోసం. తప్పు ఆ కుర్రవాడిది కాదు. కనెక్షన్‌కు ఇంత అని లెక్కగట్టి తరిమితే ఎవరైనా అంతే చేస్తారు. బిల్డరు సంగతి మరీ ఘోరం. కరపత్రం నిండా స్మార్ట్ హోమ్, ఈతకొలను, యోగా మండపం. ప్రతి గదికీ ఏసీ పాయింటు, గీజరు పాయింటు. గది నుంచి గదికి ఇంటర్నెట్ వైరు లాగడానికి గోడలో వేలెడు లావు గొట్టం మాత్రం వేయడానికి చేతులు రావు! 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి నక్షత్రాలిచ్చే నిబంధనలు తెచ్చింది. బాగుంది. కానీ ఆ నక్షత్రాల కోసం భవనంవారు తమంతట తాము ముందుకు రావాలట. ఎవరొస్తారు?

ఈలోగా, అమ్మ మీటింగుతో గుమ్మం నిండిపోయింది కాబట్టి, ఇంటర్ చదివే పిల్ల తలుపు అవతల మెట్ల మీద కూర్చుని, దోమలు తోలుకుంటూ ఫిజిక్స్ పాఠం వింటోంది. తరంగాల పాఠమే. ఈ కనెక్షన్‌కు నెలనెలా డబ్బు తీసుకుంటున్నారు, సిగ్గులేకుండా, ముందస్తుగా.

ఈసారి ఎవరైనా కొత్త కనెక్షన్ ఇవ్వడానికి వస్తే ఆ కుర్రవాడికి మజ్జిగ ఇవ్వండి, ఐదు నక్షత్రాలూ ఇవ్వండి. ఓటీపీ మాత్రం పిల్ల చదువుకునే గదిలో, తలుపు మూసి, అక్కడ ముల్లు ఎంత చూపిస్తుందో చూశాకే చెప్పండి.