పాసుబుక్కు ఎవరి పేరున ఉంది?

పట్నం మోజుతోనే ఆడపిల్లలు ఊళ్లు వదిలి పోతున్నారని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మోజు ఉంటే ఉండనివ్వండి గానీ, ఊళ్లోనే ఉండి వాళ్లేం చేయాలో కూడా రాయాల్సింది.

పత్తి ఏరి వచ్చిన పిల్ల చేతులు ఎప్పుడైనా చూశారా? ఎండిన కాయ మొనలు గీరుకుని గోళ్ల పక్కన తోలు లేచిపోయి ఉంటుంది. నడుముకు కట్టుకున్న ఒడి నిండేదాకా వంగే ఉండాలి. కైకిలేమో కిలోల లెక్కన. డిగ్రీ చదివిన పిల్ల దీనికంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నలుగురితో గది పంచుకుని, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసుకోవడమే నయమనుకుంటే తప్పేముంది?

ఇక భూమి సంగతి. హిందూ కుటుంబాల్లో కూతురికీ ఆస్తిలో సమాన హక్కు అని ఎన్టీఆర్ హయాంలో 1986లోనే చట్టం చేశారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. మా ఊళ్లో భూమి పాసుబుక్కులు తీస్తే మాత్రం నాన్న తర్వాత అన్న పేరే. కూతురి సంతకం కావాల్సింది ఒక్కదానికే, నాకు వాటా వద్దని రాసివ్వడానికి! తనది కాని పొలం పట్టుకుని ఎందుకు వేలాడుతుంది?

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, ఇంటి నుంచే కాలేజీకి పోవచ్చు కదా అంటారు కొందరు. ఛార్జీ లేదు, నిజమే. సాయంత్రం బస్సు కూడా టైముకు వస్తే ఇంట్లో అంత టెన్షన్ ఉండదు.

ఇప్పుడు మా వైపు వ్యవసాయం చేసే అబ్బాయికి పిల్ల దొరకడమే కష్టం. ఆ అబ్బాయిల తల్లులే తమ కూతుళ్లకు మాత్రం పట్నం సంబంధమే కావాలంటున్నారు.