పక్కింటి వడియాలు, మా ఇంటి స్లాబు

బరంపురంలో ఇల్లు కొన్నానంటే మావాళ్లు ధర తరవాత అడుగుతారు. "ఫైలిన్‌కి ముందు కట్టిందా, తరవాత కట్టిందా?" ఇదీ మొదటి ప్రశ్న. 2013 అక్టోబరు 12 రాత్రి ఆ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఊరికి ఆ తీరం ఎంతో దూరం కాదు. ఆ రాత్రి మా అద్దె ఇంటి రేకులు లేచిపోయి ఎవరింటికో చేరాయి. ఇప్పటికీ తిరిగి రాలేదు. అందుకే సొంతిల్లు అనగానే అందరికీ గుమ్మం గుర్తొస్తే నాకు పైకప్పు గుర్తొస్తుంది.

మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. పాలు పొంగి స్టవ్ మీంచి గట్టు మీదకి, గట్టు మీంచి నేల మీదకి దిగాయి. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. నేను పాలు ఎటు పోతున్నాయో చూస్తున్నాను. వంటింటి నేల తూము వైపు వాలుగా ఉండాలి కదా! పాలు మాత్రం తిన్నగా దేవుడి గది వైపు నడిచాయి. పురోహితులవారు చాలా శుభం అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి రూపాయి బిళ్ల పట్టుకుని టైల్స్ కొట్టడం మొదలుపెట్టాను. గట్టిగా అతికిన టైలు 'టక్' అంటుంది, అడుగున సిమెంటు నిండనిది 'డబ్' అంటుంది. హాల్లో 112 టైల్స్ కొడితే పదకొండు 'డబ్'లు వచ్చాయి. ఈ ఇంట్లో పోసిన డబ్బులో నాకు తిరిగొచ్చింది అంతే. ఆ పదకొండింటి మీదా సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. సాయంత్రానికి పక్కింటి పిల్లలు వచ్చి వాటి మీద తొక్కుడు బిళ్ల ఆడుకుంటున్నారు.

తరవాత గోడల వంతు. పడగ్గదిలో పిల్లరు పక్కన సన్నటి గీత కనిపించింది. దాని చివర పెన్సిలుతో తేదీ వేసి, మేస్త్రిని పిలిపించాను. ఆయన సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాడు. గోరుతో గీకి, "కిఛి హెబొ నాహి బాబూ" అన్నాడు. ఏమీ కాదట. "ఇటుక గోడా, సిమెంటు పిల్లరూ ఎండకి ఒక్కలా సాగవు. రెండూ కలిసే చోట గీత పడుద్ది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగితే అప్పుడు పిలవండి." నన్ను ఊరడిద్దామనే చెప్పాడు పాపం. ఆయన గేటు దాటేలోపు నేను కిటికీ మూలలన్నీ చూసేశాను.

పోతూ పోతూ ఇంకో ఉపాయం కూడా చెప్పాడు. పగులు మీద అడ్డంగా పల్చటి గాజు ముక్క అతికించాలి. గోడ కదులుతుంటే గాజు విరుగుతుంది, లేకపోతే మనం హాయిగా పడుకోవచ్చు. గాజు అతికించాను. పడుకోవడం మాత్రం కుదరలేదు. విరిగిందో లేదో టార్చి వేసి చూడాలి కదా. మూడోసారి లేచినప్పుడు మా ఆవిడ దుప్పటిలోంచే అంది: "ఏమండీ, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా మీరు ఇన్నిసార్లు లేవలేదు."

నా కంగారుకి ఒక లెక్క ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. దీన్ని అందరూ ధైర్యం అనుకుంటారు. నాకు మాత్రం పరీక్ష తేదీ ఇచ్చినట్టయింది. లోపాలన్నీ అయిదేళ్లలో వెతికి పట్టుకోవాలి!

ఇక మిగిలింది పైకప్పు. మేడ మీది తూముల్లో గోనెగుడ్డలు కుక్కి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, 48 గంటలు ఆగి కింద చెమ్మ దిగిందేమో చూడాలని ఎవరో చెప్పారు. ఆశ్వయుజం తుపానుల దాకా ఎందుకు, ఫాల్గుణంలోనే తేల్చేద్దామని మోటారు వేశాను. మొదటి రోజు చుక్క కారలేదు. సంతోషించాలి. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని ఊరికే ఉండక లెక్క వేశాను. మేడ 750 చదరపు అడుగులు, నీళ్లు రెండు అంగుళాలు. సుమారు 3,500 లీటర్లు. అంటే మూడున్నర టన్నులు, సరిగ్గా నా నెత్తి మీద!

విశాఖలో ఇంజినీరుగా ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, మనుషులు తిరిగే మేడకి చదరపు మీటరుకి 150 కేజీల అదనపు బరువు లెక్కేసి స్లాబు పోస్తారు. మీ నీళ్లు 50 కేజీలే. పడుకోండి" అని పెట్టేశాడు. లెక్కేసి పోస్తారు, సరే. మాకు లెక్కేసే పోశారా?

తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ గడిపి, ఆరున్నరకి మేడెక్కి మొదటి తూములోంచి గోనెగుడ్డ లాగాను. నీళ్లు ఎంత జోరుగా పోయాయంటే, వాలు బాగుందని మొదటిసారి బిల్డరుని మెచ్చుకున్నాను. అప్పుడు కింద నుంచి కేక వినిపించింది.

"ఏటి బాబూ, ఎండల్లో ఇదేటి వాన!"

పక్కింటి పిన్నిగారి మేడ మాకంటే ఒక అంతస్తు కింద. ఆవిడ నాలుగింటికే లేచి మినప్పిండి రుబ్బి, బూడిద గుమ్మడి వడియాలు పెట్టి, పాత పంచె మీద నాలుగో వరస పూర్తి చేసి నడుం పట్టుకుని అప్పుడే లేచారట. మొదటి మూడు వరసలూ మల్లె కుండీ మొదట్లో ముద్దగా చేరాయి. నాలుగోది ఆవిడ చీర కుచ్చిళ్ల మీద ఉంది. గోనెగుడ్డ నా చేతిలోనే ఉంది కాబట్టి ఎవరి పనో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మా ఆవిడ రెండు కేజీల మినప్పప్పు, ఒక బూడిద గుమ్మడికాయ పట్టుకుని వెళ్లి రాజీ కుదిర్చింది. పిన్నిగారు ఒక్క షరతు పెట్టారు. "ఈసారి మీ మేడ మీదే పెడతానమ్మా. అక్కడికైతే పైనుంచి నీళ్లు రావు." కాకుల కాపలా మాత్రం నాది.

మూడు రోజులుగా గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని పిట్టగోడ పక్కనే కూర్చున్నాను. ఈ మధ్యాహ్నం ఆ పిట్టగోడ మీద, మూల నుంచి ఏటవాలుగా దిగిన సన్నటి గీత ఒకటి కనిపించింది. కర్ర కింద పెట్టి, పెన్సిల్ తీసి, కళ్లజోడు సర్దుకున్నాను.

"బాబూ, కాకి!" కింద నుంచి పిన్నిగారు.

కాకి అప్పటికే పని ముగించింది. వడియం ముక్కున పెట్టుకుని, ఎగిరొచ్చి ఆ గీతకి సరిగ్గా పైన గోడ మీద వాలింది. నేను కర్ర అందుకోలేదు. కాకి బరువుకి గోడ కదులుతుందేమో చూస్తున్నాను.