నీటికుక్కకు ఒడ్డు కావాలి

కృష్ణ వెనుకజలాల్లో వల చినిగిందంటే నింద ముందు నీటికుక్క మీదే పడుతుంది. చందంపేట, నేరేడుగొమ్ము వైపు పోయినా, కొల్లాపూర్ దగ్గర సోమశిలకు పోయినా ఇదే మాట. వలలో పడ్డ చేపను అది లాక్కుపోతుంది, నిజమే. ఎదిగిన జంతువు రోజుకు కిలో దాకా తింటుంది, పైగా గుంపుగా తిరుగుతుంది. రాత్రంతా వల వేసుకున్న జాలరికి అది చిన్న నష్టం కాదు. కానీ అదే నైలాన్ వలలో చిక్కుకుంటే ఊపిరికి పైకి రాలేక నిమిషాల్లో చచ్చిపోతుంది.

మన దగ్గర ఉండేది నున్నని బొచ్చు రకం. బరువు 7 నుంచి 11 కిలోలు. తోక చివర చదునుగా ఉంటుంది, వేళ్ల మధ్య చర్మం ఉంటుంది. బొచ్చుకు రెండు పొరలు: పైవెంట్రుకలు 12–14 మిల్లీమీటర్లు, లోపలి నూగు 6–8. ఆ నూగు గాలిని పట్టి ఉంచబట్టే ఒంటికి తడి తగలదు. ఈదివచ్చాక ఇసుకలో దొర్లి, బండ మీద ఒళ్లు రుద్దుకుని బొచ్చు ఆరబెట్టుకోవాల్సిందే. అందుకే చేపలెన్ని ఉన్నా, ఇసుక తోడేసిన ఒడ్డున ఇది నిలవదు. ఆ చర్మం కోసమే దీన్ని వేటాడారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా ఆపింది 2019లోనే.

ఈనేది ఎక్కువగా వానలు వెనకబట్టాక, చలికాలంలో. చూలు రెండు నెలలు. పిల్లలు కళ్లు తెరవడానికే పది రోజులు పడుతుంది, ఈత ఆ తర్వాత నేర్చుకోవాలి. సాగర్ నిండుమట్టం 590 అడుగులు. నిండినప్పుడు నీటి అంచున తవ్వుకున్న బొరియ, మట్టం తగ్గేకొద్దీ ఒడ్డున పైకి మిగిలిపోతుంది. తల్లి బురదమేట దాటి రావాలి, ఆ మేట మీదేమో ఊరకుక్కలు. అసలు గండం ఇక్కడుందని మా అంచనా.

వల చింపింది ఏదో తేల్చాలంటే ఒడ్డున బండలు చూడాలి. నీటికుక్క పెంట మళ్లీ మళ్లీ ఒకేచోట వేస్తుంది. పచ్చిగా ఉంటే నల్లగా, జిగటగా చేపవాసన వస్తుంది. ఎండినదాన్ని పుల్లతో కదిపితే పొలుసులు, ముళ్లే రాలతాయి. అడుగులో ఐదు వేళ్లు పడతాయి, కుక్కకు నాలుగే. అలాంటి బండల ముందు చలికాలంలో వల వేయకపోతే వలా దక్కుతుంది, పిల్లలూ దక్కుతాయి. చినిగిన వలముక్కలు నీళ్లలో వదిలేయకూడదు.

పులి ఎద్దును చంపితే అటవీశాఖ పరిహారం ఇస్తుంది. ఈ గుర్తులు చూసి పంచనామా రాసి, చినిగిన వలకూ ఇవ్వాలి.