మీట ఒకరిది, మెరుపు ఇంకొకరిది

తెనాలిలో ఓ కల్యాణ మండపం పైన, మొదటి అంతస్తులో మా స్టూడియో. కింద పెళ్ళి జరిగితే పైకి నాలుగు ఫ్యామిలీ ఫోటోలైనా రాకపోతాయా అన్న ఆశతో అద్దెకు తీసుకున్నాను. ఇప్పటిదాకా పెళ్ళివాళ్ళు మెట్లెక్కి వచ్చింది బాత్రూమ్ ఎక్కడని అడగడానికే.

పోయిన శ్రావణంలో లైట్లకు వైర్‌లెస్ ట్రిగ్గర్ కొన్నాను. అంతకుముందు కెమెరా నుంచి లైటుకు సింక్ కార్డ్ ఉండేది. వచ్చిన ప్రతి పిల్లాడి కాలూ ఆ వైరుకే తగిలేది. గొడుగుతో సహా లైటు వాడి మీదకు ఒరిగేది. లైటును చేత్తో, వాళ్ళమ్మ తిట్లను చెవులతో పట్టుకోవడం నా పని. ట్రిగ్గర్‌తో ఆ గొడవ లేదు. అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ కెమెరా నెత్తిన ఎక్కిస్తాం, రిసీవర్ లైటుకు తగిలిస్తాం. నొక్కగానే రేడియో కబురు వెళ్తుంది, లైటు మెరుస్తుంది. నాకు లైట్లు రెండు, రిసీవర్ ఒకటే. రెండోదానికి స్లేవ్ సెల్ ఉంది. పక్కది మెరిస్తే చూసి తనూ మెరుస్తుంది, తోడికోడలు కొత్త చీర కట్టినట్టు.

ఆ రోజు మా లెక్కల మాస్టారు వచ్చారు. పెన్షన్ కాయితాలకు పాస్‌పోర్ట్ ఫోటో, 8 కాపీలు. స్టూలు మీద కూర్చుని, కవరు ఒళ్ళో పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టారు. నేను కెమెరా కంటికి ఆనించానో లేదో, ఫట్‌మని రెండు లైట్లూ మెరిశాయి.

"అయిపోయిందా?"

"ఇంకా నొక్కలేదు మాస్టారూ."

"మరి మెరిసిందేం?"

"టెస్టింగ్ అండీ," అన్నాను. పరువు ముఖ్యం కదా.

మళ్ళీ ఆనించాను. మళ్ళీ ఫట్. వెంటనే నేనూ నొక్కాను గానీ, లైటు ఒకసారి మెరిశాక మళ్ళీ చార్జ్ కావడానికి దానికో రెండు సెకన్లు కావాలి. మాస్టారు కరెంటు పోయిన ఇంట్లో కూర్చున్నట్టు వచ్చారు. ఇలా పది పన్నెండుసార్లు. ఆయన కన్నార్పితే నేను నొక్కలేదు, నేను నొక్కితే లైటు లేదు. మధ్యమధ్య ఆయన జేబులోంచి పెన్ను తీసి కవరు మీద ఏదో గీసుకుంటున్నారు. నాకున్న టెన్షన్‌లో పట్టించుకోలేదు.

ఇంతలో కింద గట్టిమేళం మొదలైంది. అంతే, నా లైట్లకు పూనకం వచ్చింది. ఫట్ ఫట్ ఫట్. కెమెరా బల్ల మీద ఉంది. నా రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. సన్నాయి ఆగితే లైట్లూ ఆగాయి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కింది ఫోటోగ్రాఫర్ దగ్గర పనిచేసే కుర్రాడు ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నా, మీరేమన్నా నొక్కుతున్నారా? మా లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి. మేం నొక్కేసరికి వెలగట్లా. పెళ్ళికూతురు దడుచుకుంటోంది."

అప్పుడు తెలిసింది. వాళ్ళదీ ఇదే ట్రిగ్గర్. ఇద్దరం డబ్బాలోంచి తీసినదాన్ని తీసినట్టే వాడుతున్నాం, రేడియో కబురు వెళ్ళే దారిని, అంటే ఛానల్‌ని, ముట్టుకున్న పాపాన పోలేదు. స్లాబు అడ్డం ఉందిగా అనుకుంటాం గానీ, రేడియోకు అలాంటి మొహమాటం లేదు.

"నేను మార్చుకుంటాలే," అని కుర్రాణ్ణి పంపాను. ట్రిగ్గర్ మీద నాలుగు బుల్లి స్విచ్‌లు.

"ఒక్కోటి పైకో కిందకో. మొత్తం ఎన్ని ఛానళ్ళురా?" స్టూలు మీంచి ప్రశ్న.

"ఎనిమిదండీ."

"పదహారు! ఎనిమిదో తరగతిలో నీకు 35 వేసి తోసెయ్యడం నాదే తప్పు."

ట్రాన్స్‌మిటర్‌లో, రిసీవర్‌లో మొదటి స్విచ్ పైకి తోశాను. ఫట్! నా మీద నమ్మకం లేక కింద ఆయన కూడా మార్చాడట. ఆయనా మొదటి స్విచ్చే తోశాడట. మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "పదహారు సందులుంటే ఇద్దరూ ఒకే సందులో దూరారేంట్రా!"

చివరికి బాల్కనీలోంచి కేకలేసుకుని ఒప్పందానికొచ్చాం. ఆయన కదపకూడదు, నేనే కదపాలి. ట్రాన్స్‌మిటర్‌లో మూడోది తోశాను. రిసీవర్‌లో తోస్తుంటే స్విచ్ గోటి కింద పుటుక్కుమంది. ఇక ఆ రిసీవర్ నా మాట వినదు, పెళ్ళివాళ్ళు ఎప్పుడు నొక్కితే అప్పుడు మాత్రం నమ్మకంగా మెరుస్తుంది. పాత సింక్ కార్డ్ కోసం అరలన్నీ వెతికాను. మా ఆవిడ దాంతో పాత పేపర్లు కట్టి అమ్మేసిందని ఫోన్ చేస్తే తెలిసింది.

"కిటికీ దగ్గర నిలబడనా?" అన్నారు మాస్టారు.

నిలబడ్డారు. ఒకే క్లిక్. ఆ నెలలో నేను తీసిన వాటిల్లో అదే మంచి ఫోటో అనుకుంటాను. వెనక నా లైట్లు ఇంకా తలంబ్రాలకు మెరుస్తూనే ఉన్నాయి.

ప్రింటు తీసి, కత్తిరించి, 8 కాపీలు చేతికిచ్చాను. ఆయన డబ్బు తియ్యలేదు. కవరు వెనక్కి తిప్పారు. దాని మీద అయిదేసి చొప్పున కట్టలు కట్టిన గీతలు, కింద కూడిక.

"మెరుపులు 43. ఇచ్చినవి 8," అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "మిగతా 35 ఏవిరా?"