పళ్ల డాక్టరు వాలుకుర్చీ గారికి

మహారాజశ్రీ కుర్చీ గారికి,

ఉభయకుశలోపరి. మీట నొక్కితే చాలు, ఎవరు కూర్చున్నారని అడక్కుండా వెనక్కి వాలతారు మీరు. ఆ గుణం మీ యజమానికి అబ్బలేదెందుకో అడుగుదామని ఈ ఉత్తరం.

1994 సెప్టెంబరు 16. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, బ్యాంగోర్ ఊరు. సిడ్నీ అబాట్ అనే ఆవిడ తనకు హెచ్‌ఐవీ ఉందని ఫారంలో దాచకుండా రాసి మీలో కూర్చుంది. డాక్టర్ బ్రాగ్డన్ నోరంతా చూసి పుచ్చు కనిపెట్టారు. చూడ్డానికి పనికొచ్చిన నోరు సిమెంటు పెట్టడానికి పనికిరాలేదు. ఆస్పత్రికొస్తే పెడతారట. తన ఫీజు పైసా పెంచరట, ఆస్పత్రి ఖర్చు మాత్రం ఆవిడదేనట. ఏమి దయ!

అక్కడైతే గాలి వడపోతలూ, అతినీలలోహిత దీపాలూ ఉంటాయని ఆయన నమ్మకం. తీరా ఆవిడ వేసిన కేసు నడిస్తే, చుట్టుపక్కల ఏ ఆస్పత్రిలో అవి ఉన్నాయో చూపలేదు. ఏదో ఒక ఆస్పత్రిలో వైద్యం చేసే అనుమతి తనకుందని కూడా చూపలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చూలంటే గుర్తొచ్చింది, కేసంతా దాని చుట్టూనే తిరిగింది. వికలాంగులపై వివక్ష కూడదనే 1990 నాటి చట్టం ఆదుకోవాలంటే ఆవిడ ముందు వికలాంగురాలని తేలాలి. ఒంట్లో చూస్తే ఒక్క లక్షణమూ లేదు. అందుకని, పిల్లల్ని కనడం బతుకులో ముఖ్యమైన పనేననీ, దానికి వైరస్ అడ్డమనీ వాదించారు. పంటికి సిమెంటు కోసం వెళ్లిన మనిషి గర్భం గురించి దేశమంతా వినేలా చర్చ! 1998 జూన్ 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమందిలో ఐదుగురు ఔనన్నారు. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ గారికి మాత్రం, వైరస్ లేకుంటే ఈవిడ పిల్లల్ని కనేదనడానికి రుజువు కావలసి వచ్చింది. అలాంటి రుజువు ఏ బీరువాలో దాచుకుంటారో!

వైద్యం చేస్తే డాక్టరుకు అంటుకునే ప్రమాదం సంగతి తేల్చమని కింది కోర్టుకు పంపితే అక్కడా ఆవిడే గెలిచింది. డాక్టరు మనసారా భయపడ్డా చాలదు, వైద్యపరంగా ఆధారం ఉండాలన్నారు.

2008లో చట్టం సవరించి, రోగనిరోధక శక్తి పనితీరునూ ముఖ్యమైన పనుల్లో చేర్చారు. కాబట్టి ఇప్పుడు పన్ను బాగు చేయించుకోవాలంటే కడుపు కథ చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లకు వచ్చిన తెలివి.

కాస్త ఆ మీట మీరే నొక్కుకోగలరా?

ఇట్లు,
నోరు తెరిచి ఎదురుచూస్తున్న ఒక పుచ్చుపన్ను